శీర్షికకు వెయిటేజీ 10 నుంచి 100 చేసినా ఫలితాల వరుస కదలడం లేదు

ఆమదాలవలస_విశ్రాంత అడిగిన ప్రశ్న

వ్యవసాయ శాఖలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. వెళుతూ వెళుతూ ఇంటికి తెచ్చుకున్న ఆస్తి ఒకటే, ఆరు అట్టపెట్టెల కరపత్రాలు. వరి తెగుళ్లు, జీడిమామిడిలో టీ దోమ, చెరకు, మొక్కజొన్న, నువ్వులు, రాగి, తిత్లీ తుపాను తరువాత కొబ్బరి, జీడి తోటలకు ఏం చేయాలో చెప్పిన కాగితాలు, ఇలా అన్నీ. ఒక్కొక్కటే టైపు చేయించి, కొన్ని నేనే చేసి, 1,840 పత్రాలు కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఎందుకంటే చుట్టుపక్కల మండలాల రైతులు ఇప్పటికీ వాట్సాప్‌లో ఫొటోలు పంపి అడుగుతూనే ఉంటారు. నేను వెతికి, సరైన కాగితం తీసి, చదివి జవాబు పెడతాను. పెట్టెల్లో వెతకడం మోకాళ్లకు కష్టమైంది, అందుకే ఈ తిప్పలు.

పైథాన్, దానితో వచ్చే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వాడాను. అందులో ఎఫ్‌టీఎస్5 అనే పాఠ్య శోధన ఉందని చదివి ఒక టేబుల్ కట్టాను. కాలమ్‌లు ఐదు, ఈ వరుసలో: ఫైలుపేరు, శీర్షిక, పంట, లక్షణాలు, వివరం. ఫైలుపేరులో ఎవరూ వెతకరు కాబట్టి దాన్ని అన్‌ఇండెక్స్‌డ్ అని పెట్టాను. వెతికిన మాట ఏ పత్రానికి ఎంత సరిపోయిందో స్కోరు ఇచ్చే బీఎం25 ఫంక్షన్‌తో ఫలితాలను వరుసలో పేరుస్తున్నాను. శీర్షికకు 10, పంటకు 1, లక్షణాలకు 5, వివరానికి 1 వెయిటేజీ. అంటే ఫంక్షన్‌కు టేబుల్ పేరు తరువాత 10, 1, 5, 1 అని ఇచ్చాను.

ఇప్పుడు బాధలు చెబుతాను.

'ఉల్లికోడు' (వరికి వచ్చే ఒక పురుగు బెడద) అని వెతికితే ఆ పేరే శీర్షికగా ఉన్న ఒకటిన్నర పేజీల కరపత్రం ఆరో స్థానంలో వస్తోంది. సరే, శీర్షిక బలం చాలలేదనుకుని 10ని 20 చేశాను, 50 చేశాను, 100 చేశాను. వరుస మారలేదు. వరుస పోనీయండి, స్కోరులో దశాంశం కూడా కదలలేదు. ఆరు అంకెల వరకు అచ్చు వేసి చూశాను. ఉప్పు వేసినా వేయకపోయినా ఒకే రుచి వస్తుంటే వంటవాడికి ఎలా ఉంటుందో నాకు అలా ఉంది.

రెండోది ఇంకా విచిత్రం. 'వరి' అని వెతికితే జీడిమామిడి కరపత్రాలు కూడా వస్తున్నాయి. ఒకటి తెరిచి మొదటి నుంచి చివరి దాకా చదివాను. అందులో వరి అన్న మాటే లేదు. 'దోమ' అని వెతికితే ఇటుక బట్టీల దుమ్ము మామిడి పూత మీద పడడం గురించిన కాగితం వచ్చింది.

మూడోది. నిన్న బూర్జ వైపు నుంచి ఒక రైతు చేను సుడులుగా ఎండిపోతోందని రాశాడు. చూడగానే సుడిదోమ అని నాకు తెలుసు, కానీ యంత్రానికి తెలుస్తుందా అని 'వరి సుడులు ఎండిపోవడం' అని కొట్టాను. ఒకే ఒక్క ఫలితం: వ్యవసాయ పంచాంగం మొత్తం. సుడిదోమ గురించి చెప్పే దోమపోటు కరపత్రం అసలు జాబితాలోనే లేదు.

వెయిటేజీలు ఎలా ఇవ్వాలి? కోడ్ ద్వారా వీటిని సరిచేసే పద్ధతి ఏదైనా ఉందా? నాకు సి భాష రాదు. పైథాన్ కూడా రిటైరయ్యాక నేర్చుకున్నదే, అది గుర్తు పెట్టుకుని చెప్పండి.

---

పలాస_జీడి

మాస్టారూ, ఎస్‌క్యూలైట్ ఇలాంటి వాటికి చాలదు. ఎలాస్టిక్‌సెర్చ్ అనే పెద్ద శోధన ప్రోగ్రామ్ పెట్టుకోండి. కాలమ్ పేరు పక్కన టోపీ గుర్తు వేసి 10 అని రాస్తే శీర్షికకు పది రెట్లు బలం వస్తుంది, అంతే. మా కంపెనీలో అదే వాడతాం. లేదా ఇప్పుడంతా వెక్టర్ సెర్చ్ కదా, అర్థాన్ని బట్టి వెతుకుతుంది, మాటలతో పనే ఉండదు.

---

ఆమదాలవలస_విశ్రాంత

బాబూ, నేను మాస్టారిని కాదు. అయినా మన వైపు నెరిసిన జుట్టు ఉన్న ప్రతివాడూ మాస్టారే కాబట్టి పలుకుతాను.

నా ల్యాప్‌టాప్‌లో మెమరీ 4 జీబీ. బ్రౌజర్ తెరిస్తేనే ఆయాసపడుతుంది. ఎలాస్టిక్‌సెర్చ్ ఒకసారి పెట్టి చూశాను, ఫ్యాన్ చప్పుడుకు మా ఇంటావిడ పక్క గదిలోంచి లేచి వచ్చింది. 1,840 కాగితాలకు అంత ఏనుగు అవసరమా? ముందు ఉన్నదాంట్లో తప్పు ఎక్కడో తెలిస్తే, మారాలో వద్దో తరువాత ఆలోచిస్తాను.

---

మూడులాంతర్లు

మాస్టారూ, మీ ప్రశ్న బాగుంది. దశాంశం కూడా కదలలేదని రాశారు చూడండి, అక్కడే దొరికింది. వెయిటేజీ ఎంత పెట్టాలన్నది ఆఖరున చూద్దాం, ముందు మూడు తప్పులున్నాయి. మాది విజయనగరం, శోధన పనే నా ఉద్యోగం కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఒకటి. బీఎం25కు మీరిచ్చే అంకెలు పేరును చూసి అతుక్కోవు, టేబుల్‌లో ఎడమ నుంచి ఉన్న స్థానాన్ని చూసి అతుక్కుంటాయి. అన్‌ఇండెక్స్‌డ్ కాలమ్ కూడా ఆ లెక్కలో ఒక స్థానమే. మీ మొదటి కాలమ్ ఫైలుపేరు. కాబట్టి మీరు శీర్షికకు అనుకుని ఇచ్చిన 10 ఫైలుపేరుకు వెళ్లింది. దాన్ని అసలు వెతకరు కాబట్టి అది 10 అయినా 10,000 అయినా ఒకటే. శీర్షికకు వెళ్లింది 1. పంటకు 5. లక్షణాలకు 1. చివరి వివరానికి మీరేమీ ఇవ్వనట్టే, దానికి 1 అని అదే అనుకుంటుంది. అంటే మీరు ఇన్నాళ్లూ బలం పెంచింది ఎవరూ చదవని గదికి. ముందు ఒక సున్నా చేర్చండి: 0, 10, 1, 5, 1.

రెండు. ఇది చేశాక స్కోరు కదులుతుంది. కానీ 10ని 100 చేస్తే పదింతలు కదులుతుందని ఆశపడకండి. ఎఫ్‌టీఎస్5లో వెయిటేజీ స్కోరును గుణించదు. మాట ఎన్నిసార్లు కనిపించిందన్న లెక్కలోకి ముందే కలిసిపోతుంది. శీర్షికలో ఒకసారి కనబడితే, 10 వెయిటేజీతో అది పదిసార్లు కనబడినట్టు. ఆ తరువాత బీఎం25 సూత్రం ఆ సంఖ్యను అణిచేస్తుంది. సగటు పొడవు ఉన్న పత్రంలో ఒకసారి వస్తే గుణకం 1. పదిసార్లు వస్తే 1.96. వందసార్లు వస్తే 2.17. ఎన్నిసార్లు వచ్చినా 2.2 దాటదు. మడికి నీళ్లు పెట్టినట్టే, గట్టు దాకా నిండాక ఎంత వదిలినా బయటికే పోతుంది. 10కీ 100కీ తేడా కనబడకపోవడం తప్పు కాదు, ఆ సూత్రం కట్టిన తీరే అంత.

పలాస తమ్ముడు చెప్పిన ఎలాస్టిక్‌సెర్చ్‌లో వేరు. అక్కడ ప్రతి కాలమ్‌కూ విడిగా బీఎం25 కట్టి, వచ్చిన స్కోరును బయట గుణిస్తారు. అక్కడ 100 పెడితే నిజంగానే శీర్షిక మిగతా అన్నిటినీ తొక్కేస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలా వరకు ఆ పద్ధతికి రాసినవి, వాటి అంకెలు ఇక్కడికి ఎత్తుకొస్తే పనిచేయవు.

ఇదే సూత్రంలో ఇంకో సంగతి. ప్రతి మాటకూ అది ఎంత అరుదో చూపే ఒక విలువ ఉంటుంది. ఒక మాట సగానికి పైగా పత్రాల్లో ఉంటే దాని విలువ సున్నా కిందికి పోతుంది, అప్పుడు ఎఫ్‌టీఎస్5 దాన్ని 0.000001గా తీసుకుంటుంది. మీ దగ్గర వరి పత్రాలు సగానికి పైనే ఉంటాయని నా అంచనా. అలాగైతే పంట కాలమ్‌లో 'వరి'కి 5 ఇచ్చినా 500 ఇచ్చినా సున్నాను గుణించినట్టే. అదే 'ఉల్లికోడు' 14 పత్రాల్లో ఉందనుకోండి, దాని విలువ 4.8 వస్తుంది. వరుసను నడిపేది అలాంటి మాటలే.

మూడోది అన్నిటికంటే పెద్దది, దాని గురించి చెప్పడం కంటే మీరే కళ్లారా చూడటం మంచిది. ఎఫ్‌టీఎస్5వొకాబ్ అని ఇంకో రకం టేబుల్ ఉంటుంది. దాన్ని మీ ఇండెక్స్ మీద కట్టి, అందులోని మాటలను తక్కువలో తక్కువ ఒక రెండు వందలు అచ్చు వేయండి. ఏం కనబడిందో ఇక్కడ రాయండి.

---

ఆమదాలవలస_విశ్రాంత

వేశాను. చూసి కాసేపు అలా కూర్చుండిపోయాను.

మాటలు లేవు, అక్షరాలున్నాయి. గుణింతాలు ఊడిపోయిన అక్షరాలు. స. డ. ద. మ. వర. లక. నప. మా పెరట్లో చెదలు పట్టిన దూలం ఇలాగే ఉండేది, పైకి చెక్క, లోపల పొడి. తెలుగు మాటలన్నిటినీ ఎవరో నమిలి ఉమ్మినట్టుంది. దీన్ని నేను ఏడు నెలలుగా వాడుతున్నానా?

---

మూడులాంతర్లు

అవును మాస్టారూ, అందరికీ మొదటిసారి అదే అనుభవం.

కారణం ఇది. ఎఫ్‌టీఎస్5 మామూలుగా వాడే యూనికోడ్61 అనే టోకెనైజర్, ఏది మాటలో భాగమో, ఏది మాటల మధ్య గోడో యూనికోడ్ వర్గాలను బట్టి నిర్ణయిస్తుంది. అక్షరాలు, అంకెలు మాటలో భాగం. మిగతావి గోడలు. మన హల్లులు, అచ్చులు అక్షరాల వర్గంలో ఉన్నాయి. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న మాత్రం 'గుర్తులు' అనే వేరే వర్గం. ఎంఎన్, ఎంసీ అని వాటి పేర్లు. యూనికోడ్61కి అవి గోడలే. అందుకే కొమ్ము దగ్గర, గుడి దగ్గర, దీర్ఘం దగ్గర మాట తెగిపోతోంది.

ఇప్పుడు మీ 'వరి' తీసుకోండి. వ, ర పక్కపక్కనే ఉన్నాయి, తరువాత గుడి. గుడి గోడ. మిగిలింది 'వర'. మీ జీడిమామిడి కరపత్రం చివర 'మరిన్ని వివరాలకు సంప్రదించండి' అని ఉంటుందా? 'వివరాలకు'లో వ, తరువాత గుడి, తరువాత 'వర', తరువాత దీర్ఘం. దొరికింది కదా 'వర'. 'చివరి'లోనూ ఉంది, 'వరుస'లోనూ ఉంది. 'దోమ' అంటే ద, మ పక్కపక్కన రావడం. 'దుమ్ము'లో కూడా ద, మ పక్కపక్కనే. మామిడి పూత మీద దుమ్ము అలా వచ్చింది. 'పంట' అని వెతికి చూడండి, 'పాటించాలి' అన్న ప్రతి కాగితమూ వస్తుంది. మీ శాఖ కాగితాల్లో అది లేనిది ఏది?

మనం వెతికే మాట కూడా అలాగే ముక్కలై వెళుతుంది కాబట్టి ముక్కలకు ముక్కలు కలిసి, సరైన పత్రం కూడా ఎక్కడో ఒకచోట వస్తుంది. పూర్తిగా చెడిపోతే వెంటనే పట్టుకుంటాం. సగం పనిచేయడం వల్లే ఏడు నెలలు దొరకలేదు.

సరిచేయడం తేలిక. టేబుల్ కట్టేటప్పుడు టోకెనైజర్ వరుసలో యూనికోడ్61 పక్కన కేటగిరీస్ అని రాసి, మామూలుగా ఉండే ఎల్* (అక్షరాలు), ఎన్* (అంకెలు), సీఓ (సొంత వాడకపు గుర్తులు) లకు తోడు ఎంఎన్, ఎంసీ చేర్చండి. ఇది వెయిటేజీ లాంటిది కాదు, ఉన్న టేబుల్‌లో మార్చలేరు. టేబుల్ తీసేసి కొత్తగా కట్టి, పత్రాలు మళ్లీ ఎక్కించాలి. 1,840కి టీ కాగేంత సేపు కూడా పట్టదు.

ఇంకొక్కటి: వ్యవసాయ పంచాంగాన్ని టేబుల్‌లో ఒకే అడ్డు వరుసగా ఎక్కించారు కదా? పొడవు లెక్క కాలమ్‌కు విడివిడిగా కాక వరుస మొత్తానికి కడతారు. శీర్షిక రెండు మాటలే అయినా వివరం నలభై వేల మాటలుంటే శీర్షికలో దొరికిన మాట కూడా పలచబడిపోతుంది. పైగా అది సగటును కూడా పైకి లాగుతుంది. ఈ పొడవు లెక్కలోని 1.2, 0.75 అనే స్థిరాంకాలను ఎఫ్‌టీఎస్5లో మార్చే వీలు లేదు. అధ్యాయాలుగా, వీలైతే తెగులుకు ఒక వరుస చొప్పున కోసేయండి.

---

నాగావళి_గట్టు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి మాస్టారూ. నేను గ్రంథాలయంలో పనిచేస్తాను, పాత పత్రికల సూచికకు ఇదే గొడవ పడ్డాను. పైన చెప్పినవన్నీ చేసినా మీ మూడో బాధ తీరదు.

'వరి సుడులు ఎండిపోవడం' అని మూడు మాటలు పక్కపక్కన రాస్తే ఎఫ్‌టీఎస్5 మూడూ ఉండి తీరాలంటుంది. మీ కరపత్రంలో 'ఎండిపోవును' అని ఉంటుంది, అలాంటి కాగితాల భాష అంతే. గిడుగు వారు పుట్టిన జిల్లాలో కూడా కరపత్రం మాత్రం 'పోవును', 'చేయవలెను' అనే మాట్లాడుతుంది. రైతు 'ఎండిపోతోంది' అంటాడు. మీరు 'ఎండిపోవడం' అని కొట్టారు. మూడూ యంత్రానికి మూడు వేర్వేరు మాటలు. పంచాంగం పెద్దది కాబట్టి ఆ మూడు మాటలూ మూడు పంటల కింద ఎక్కడో దొరికి ఉంటాయి. వెయిటేజీ అనేది జాబితాలోకి వచ్చిన వాటిని పైకీ కిందికీ జరుపుతుంది. గుమ్మం దగ్గరే ఆగిపోయిన దాన్ని లోపలికి తేలేదు.

నేను చేసింది ఇది. మాటల మధ్య ఓఆర్ పెట్టాను, దాన్ని పెద్ద అక్షరాల్లోనే రాయాలి. ప్రతి మాటా తోక కోసి చివర నక్షత్రం పెట్టాను. 'ఎండి*' అంటే ఎండిపోవును, ఎండిపోతోంది, ఎండిన అన్నీ వస్తాయి. తోక కోయడానికి లో, కు, ను, తో, గా, లు లాంటి ప్రత్యయాల చిన్న జాబితా రాసుకున్నాను. సున్నతో ముగిసే మాటకు సున్న కూడా కోయాలి, ఎందుకంటే 'కాండం*' అంటే 'కాండాన్ని' రాదు, 'కాండ*' అంటే వస్తుంది. 'తెగులు' బహువచనంలో 'తెగుళ్లు' అవుతుంది, కాబట్టి అక్కడ 'తెగు*' దాకా వెళ్లక తప్పదు. అప్పుడు 'తెగుతాయి' కూడా వస్తుంది, అది భరించాలి.

పైథాన్‌లో కోసేటప్పుడు ఒక జాగ్రత్త. 'మొవ్వు' మనకు రెండక్షరాలు, పైథాన్‌కు ఆరు. నాలుగు దగ్గర కోస్తే 'మొవ్' అని పొల్లుతో ఆగుతుంది. చూడటానికి వికారంగా ఉన్నా నక్షత్రం పెడితే పనిచేస్తుంది, కంగారు పడకండి.

ఇక పంటకు వెయిటేజీ ఎందుకు? మీరు అడిగేటప్పుడే ఏ పంటో తెలుసు కదా. దాన్ని షరతుగా పెట్టండి: పంట వరి అయినవాటిలోనే వెతుకు. ఓఆర్ పెట్టాక ఇది తప్పదు కూడా. లేకపోతే రైతు 'ఉల్లికాడల్లా గొట్టాలు వస్తున్నాయి' అని రాస్తే, శీర్షికలో ఉల్లి ఉన్న ఉల్లిసాగు కాగితాలన్నీ పైన కూర్చుంటాయి, వరి ఉల్లికోడు కింద ఉంటుంది. శీర్షిక బలం ఎంత పెంచితే అంత తప్పు జవాబు వస్తుంది.

---

ఆమదాలవలస_విశ్రాంత

అందరికీ కృతజ్ఞతలు. నాలుగు రోజులు కూర్చుని అన్నీ చేశాను. ఏది ఎంత పనిచేసిందో తెలియాలి కదా అని ముందు ఒక పరీక్ష పెట్టుకున్నాను. వాట్సాప్‌లో పాత సందేశాలు వెనక్కి తిప్పి, రైతులు అడిగిన 40 ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే రాసుకున్నాను. ఒక్కో దానికి పక్కన, నేనైతే ఏ కాగితం తీసేవాడినో ఆ ఫైలు పేరు. ఇది చేయడానికి ఒక పూట పట్టింది, కానీ శాఖలో పొలంబడికి రిజిస్టరు రాసినంత తృప్తిగా ఉంది. చిన్న ప్రోగ్రామ్ 40 ప్రశ్నలనూ వెతికి, సరైన కాగితం మొదటి మూడింటిలో ఉందా లేదా అని లెక్కపెడుతుంది.

ఏమీ మార్చకముందు: 40లో 13.

సున్నా చేర్చి వెయిటేజీలను వాటి గదుల్లో పెట్టాక: 15. ఉల్లికోడు ఆరు నుంచి రెండుకు వచ్చింది.

ఎంఎన్, ఎంసీ చేర్చి టేబుల్ మళ్లీ కట్టాక: 14. అవును, తగ్గింది! అప్పుడు నాకు గుండె జారింది. తరువాత చూస్తే గడ్డి, గాదం కలిసిపోయిన చోట అదృష్టం కొద్దీ దొరికినవి రెండు పోయాయి, నిజంగా దొరికినది ఒకటి వచ్చింది. వొకాబ్ మళ్లీ అచ్చు వేశాను. సుడిదోమ. సుడిదోమను. సుడిదోమకు. సుడిదోమలు. మాటలు మాటల్లా కనబడ్డాయి. అది చూసి తగ్గిన అంకె గురించి మరచిపోయాను.

నక్షత్రాలు, ఓఆర్, పంట షరతు పెట్టాక: 29. పంచాంగాన్ని 212 ముక్కలు చేశాక: 32.

ఇక ఆఖరున వెయిటేజీ. శీర్షికకు 1, 2, 5, 10, 20, లక్షణాలకు అవే ఐదు, అన్ని జతలూ ప్రోగ్రామ్ చేత తిప్పించాను. 10 ప్రశ్నలు పక్కన దాచి 30తోనే తిప్పాను, చదువుకున్న ప్రశ్నలతోనే పరీక్ష పెట్టడం మోసం కదా. శీర్షిక 5, లక్షణాలు 10 దగ్గర బాగుంది. దాచిన 10ని కూడా కలిపి లెక్కిస్తే 34. అంటే నేను ఏడు నెలలు తిప్పిన మర వల్ల వచ్చింది రెండు.

లక్షణాలు శీర్షికను మించాలని నేను ముందే ఊహించి ఉండాల్సింది. శీర్షికలో రోగం పేరు ఉంటుంది. రైతుకు పేరు తెలిస్తే నన్నెందుకు అడుగుతాడు? మొవ్వు ఎండిందని, కంకి తెల్లబోయిందని, దుబ్బు మొదట్లో పురుగులు గుంపుగా ఉన్నాయని చెబుతాడు. అవన్నీ లక్షణాల కాలమ్‌లో ఉన్నాయి. శీర్షికకు పది పెట్టాలన్నది ఆఫీసులో కూర్చున్నవాడి ఆలోచన. అది నాదే.

ఇంకో రెండు చిన్నవి దొరికాయి, ఎవరికైనా పనికొస్తాయని రాస్తున్నాను. 'ఎంటీయూ-1001' అనే వరి రకం పేరు గీతతో కొడితే ప్రోగ్రామ్ తప్పు చూపించి ఆగిపోతోంది, గీతకు అక్కడ వేరే అర్థం ఉందట. కోట్స్‌లో పెడితే సరిపోయింది. రెండోది, 'బ్యాంక్‌లో' లాంటి మాటల్లో పొల్లు నిలబెట్టడానికి కంటికి కనబడని గుర్తు ఒకటి టైపులో పడుతుంది. అది ఇప్పటికీ గోడే. దాని దగ్గర మాట తెగి 'బ్యాంక్', 'లో' అవుతోంది. అది తెగడమే నాకు మేలు, వదిలేశాను.

---

పలాస_జీడి

మాస్టారూ, మా కంపెనీ ఎలాస్టిక్‌సెర్చ్‌లో కూడా శీర్షికకు 10 అని ఎవరో ఎప్పుడో పెట్టారు. ఎందుకు పది అని అడిగితే ఎవరికీ తెలియదు. ఈ రోజు మీలాగే 40 ప్రశ్నలు రాసుకుందామని కూర్చున్నాను, పదకొండు దగ్గర ఆగాను. సరైన జవాబు ఏదో మాలో మాకే ఒప్పందం కుదరడం లేదు. మీరు వెక్టర్ వద్దన్నది నిజమే అనిపిస్తోంది, కనీసం ఇప్పటికి.

---

ఆమదాలవలస_విశ్రాంత

వద్దనలేదు బాబూ, నా ల్యాప్‌టాప్ వద్దంది.

దొరకని ఆరు ప్రశ్నల సంగతి రాసి ముగిస్తాను. వాటిలో ఒకటి, పొందూరు వైపు నుంచి ఒకామె పంపినది: 'చేను పొగచూరినట్టుంది'. సుడిదోమ బాగా ముదిరితే దూరానికి అలాగే కనబడుతుంది, నాకు ఆ మాట చదవగానే చేను కళ్ల ముందుకు వచ్చింది. కానీ ఏ కరపత్రంలోనూ పొగ లేదు. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు తీయమని ఉంది, దుబ్బుల మొదళ్లు తడిచేలా మందు కొట్టమని ఉంది, ఆ పురుగు శాస్త్రీయ నామం నీలపర్వత అని మొదలవుతుందని కూడా ఉంది. పొగ మాత్రం లేదు. అలాంటి వాటికి ఏ వెయిటేజీ ఏం చేస్తుంది?

అందుకని 'రైతుమాట' అని కొత్త కాలమ్ పెట్టాను. ఎవరు ఏ మాటతో అడిగారో, జవాబు దొరికాక, ఆ కాగితం వరుసలో ఆ మాట ఎక్కిస్తున్నాను. మొగిపురుగు, గొట్టపు రోగం, పొగచూరడం. దానికి వెయిటేజీ 10.

పెట్టిన మరునాడు 34 కాస్తా 27 అయింది. రెండు గంటలు వెతికాను. కొత్త కాలమ్‌ను శీర్షిక పక్కన మధ్యలో పెట్టాను, అంకెలు మాత్రం పాత వరుసలోనే ఉన్నాయి. మళ్లీ అదే గోతిలో పడ్డాను. ఇప్పుడు వెయిటేజీలను కాలమ్ పేరుతో రాసుకుని, టేబుల్ నుంచి కాలమ్‌ల వరుసను చదివి, అంకెలను తానే పేర్చి ఇచ్చే చిన్న ఫంక్షన్ రాశాను. పేరు కనబడకపోతే ఆగిపోయి నన్ను తిడుతుంది.

---

మూడులాంతర్లు

ఆ ఫంక్షన్ ఇక్కడ పెట్టండి మాస్టారూ, మాకూ కావాలి.